జీపీఎస్ లేని కాశీయాత్ర

ఫ్రిస్కో (టెక్సాస్): శని, ఆదివారాలకి తోడు ఒక సోమవారం సెలవు కలిసొస్తే చాలు, ఫ్రిస్కోలో మన మోటార్‌సైకిల్ వీరుల గ్యారేజీ తలుపులు తెల్లవారకముందే లేస్తాయి. ప్రెస్టన్ రోడ్డెక్కి ఉత్తరానికి పోతే టెక్సోమా సరస్సు, దాన్ని దాటితే ఓక్లహోమా. ఇంకా ఓపికుంటే తాలిహినా నుంచి అర్కాన్సాలోని మీనా దాకా కొండల మీదుగా సాగే 54 మైళ్ల తాలిమెనా దారి. హ్యాండిల్‌కి ఫోను బిగించి, హెల్మెట్‌లో చెవికి స్పీకరు పెట్టుకుని, అది ఎటు తిరగమంటే అటు తిరుగుతూ వెళ్లిపోతుంటారు.

ఆ కొండల్లోకి వెళ్లాక ఒక్కోచోట సిగ్నల్ పోతుంది. ముందుగా మ్యాప్ దించి పెట్టుకోనివాళ్లకి అప్పుడు మొదలవుతుంది అసలు సంగతి. ఎడమకా, కుడికా? వచ్చే గ్యాస్ స్టేషన్ ఎంత దూరం? చీకటి పడేలోపు తలదాచుకునే ఊరు ఏదైనా తగులుతుందా? దారి మీద గట్టిగా నిలబెట్టి అడిగితే ప్రశ్నలు ఈ మూడే. ఈ మూడూ మనకి కొత్తగా వచ్చినవి కావు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఒక తెలుగాయన వంద మందిని వెంటబెట్టుకుని మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, ఈ మూడు ప్రశ్నలనే ప్రతి మజిలీలోనూ అడిగారు. వచ్చిన జవాబులు రాసిపెట్టారు. ఆయనే ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన రాసింది 'కాశీయాత్ర చరిత్ర'. తెలుగులో తొలి యాత్రాచరిత్రగా పేరున్న పుస్తకం.

చిన్నప్పుడు తెలుగు వాచకంలో ఆ పేరు చదివి, పరీక్షకు రెండు మార్కుల జవాబు రాసి మరిచిపోయినవాళ్లే మనలో ఎక్కువ. కానీ బండి మీద దూరాలు తిరిగేవాళ్లు చదివితే ఆ పుస్తకం వేరుగా కనిపిస్తుంది. అది భక్తి పుస్తకం కంటే ముందు ఒక దారి పుస్తకం.

పరభాషతో బతికిన మనిషి

వీరాస్వామయ్య 1780లో పుట్టారు. ఊరు మద్రాసు. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. మరి ఆ ఇంటికి దిక్కేమిటి? పిల్లవాడికి ఇంగ్లీషు పట్టుబడింది. అదే అన్నం పెట్టింది. పన్నెండేళ్ల వయసులో కంపెనీ వారి బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో జీతం లేని వాలంటీరుగా చేరారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అన్‌పెయిడ్ ఇంటర్న్‌షిప్ అన్నమాట. ఏడాది తిరక్కుండానే తిరునెల్వేలి వైపు ద్విభాషి ఉద్యోగం. ద్విభాషి అంటే దొర మాట జనానికీ, జనం మాట దొరకీ చెప్పేవాడు. జనం నోట అది దుబాసీ అయింది.

అలా మెట్టు మెట్టూ ఎక్కి చివరికి మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్ అయ్యారు. కోర్టులో ద్విభాషి పని తేలికేం కాదు. సాక్షి తెలుగులోనో అరవంలోనో చెప్పింది ఇంగ్లీషులో జడ్జీకి చేరాలి. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఒకడి ఆస్తి పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే ఆయనకి ఒక అలవాటు పడింది కాబోలు. విన్నదాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడం, ఒకరు చెప్పింది ఇంకొకరి మాటతో సరిచూసుకోవడం, తన ఊహని విన్నదానిలో కలపకపోవడం. ఈ అలవాటే తర్వాత దారిలో ఆయనకి దిక్సూచి అయిందని నాకనిపిస్తుంది.

యాభయ్యో ఏట కాశీకి వెళ్లాలనుకున్నారు. పరాయి భాషలో ఉద్యోగం, పైన దొర, కావలసింది ఒకటీ రెండూ వారాలు కాదు, ఏడాదికి పైగా సెలవు. ఇక్కడ ఇండియాకి మూడు వారాల సెలవు అడగడానికే మేనేజరు ముందు గొంతు సవరించుకునే మనకి ఆ ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు. మొత్తానికి సెలవు దొరికింది.

రాత్రి తొమ్మిది గంటలకు

1830 మే 18, మంగళవారం. రాత్రి తొమ్మిది గంటలకు మద్రాసు తండయార్‌పేటలోని తన తోట వదిలి బయలుదేరారు. తొలి మజిలీ ఎంత దూరమో తెలుసా? మాధవరం. ఇప్పుడైతే ఊళ్లోంచి ఊళ్లోకే! మన పెద్దవాళ్లు ప్రస్థానం అనేవారు చూడండి, ముహూర్తానికి గడప దాటి దగ్గర్లోనే ఆగడం, ఇదీ అలాంటిదే. దానిలో ముహూర్తం సంగతి ఎలా ఉన్నా, పనికొచ్చే తెలివి ఒకటుంది. మరిచిపోయిన వస్తువు ఏదైనా ఉంటే తొలిరాత్రే బయటపడుతుంది. మనిషిని పంపి తెప్పించుకోవచ్చు. దూరాలు తిరిగే బైకర్లు కూడా బరువంతా కట్టాక ముందు ఒక చిన్న తిరుగుడు తిరిగి, ఏ తాడు వదులయిందో చూసుకుంటారు. అదే పని.

వెంట సుమారు వంద మంది. ఇంటి ఆడవాళ్లు, బంధువులు, పల్లకీ మోసే బోయీలు, జవాన్లు, వంటవాళ్లు, సామాన్లు మోసేవాళ్లు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనే సామెత ఊరికే పుట్టలేదు. వాంతిభేదుల జబ్బు, అంటే కలరా, 1817 నుంచి దేశమంతా తిరుగుతోంది. దారిలో దొంగలు. నదుల మీద వంతెనలు అరుదు. ఒక మనిషి దారి తప్పితే వాడొక్కడే ఇబ్బంది పడతాడు. వంద మంది పరివారాన్ని తప్పుడు దారిలో పెడితే? సాయంత్రానికి నీళ్లు లేని ఊరు చేరితే? అంగళ్లు లేని చోట వంద మందికి బియ్యం ఎక్కడి నుంచి వస్తుంది? దారి సరిగ్గా తెలుసుకోవడం ఆయనకి సరదా కాదు. పసిబిడ్డ తల్లికి పాలెంతో ఆ పరివారానికి అదంత అవసరం.

పటం ఉంది, కానీ ఎవరికి?

ఆ రోజుల్లో పటాలు లేవా అంటే ఉన్నాయి. రెన్నెల్ అనే దొర 1782లోనే హిందూస్థాన్ పటం అచ్చు వేశాడు. అంతకంటే గొప్ప పని మన మద్రాసులోనే మొదలయింది. విలియం లాంబ్టన్ 1802లో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నేల మీద గొలుసు పరిచి బేస్‌లైన్ కొలిచాడు. అరటన్ను బరువున్న థియోడొలైట్ యంత్రాన్ని కొండలూ గోపురాలూ ఎక్కిస్తూ, త్రికోణాల లెక్కతో దేశాన్ని కొలుచుకుంటూ ఉత్తరానికి సాగాడు. ఇరవై ఏళ్లు అదే పని. 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. అది హైదరాబాదు నుంచి నాగపూరు వెళ్లే దారి మీది ఊరే. అంటే వీరాస్వామయ్య పరివారం ఆ వైపు సాగడానికి ఏడేళ్ల ముందే దొరల గొలుసు అక్కడిదాకా వచ్చేసింది.

అయితే ఆ కొలతలు సర్కారు కోసం. సైన్యానికీ, పన్నుల లెక్కకీ. కాలినడకన పోయే యాత్రికుడికి ఏ చెరువు మేలో, ఏ రేవులో పుట్టి దొరుకుతుందో ఆ పటం చెప్పదు. వీరాస్వామయ్య రాసింది పటం కాదు, వరస. ఈ ఊరి తర్వాత ఆ ఊరు. మధ్యన ఇన్ని ఆమడలో, ఇన్ని కోసులో. దారి ఇసుకా, రాతిగొట్టా, రేగడా. నడుమ వాగుందా. ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్లు ఉన్నాయా, నీళ్లు బావివా చెరువువా, దిగడానికి చోటుందా. పుస్తకం పొడుగునా ఇదే ధోరణి. కథ కోసం చదివేవాడికి విసుగు పుట్టొచ్చు. రేపు పొద్దున్నే ఆ దారిన బయలుదేరేవాడికి మాత్రం అది బంగారం.

అందులో చిక్కు ఏమిటంటే, ఆమడ అంటే ఎనిమిది మైళ్లని మనం సుమారుగా చెప్పుకుంటాం గానీ అది అన్ని సీమల్లో ఒకటి కాదు. కోసు కూడా అంతే. ఒక సీమ కోసు ఇంకో సీమలో ముప్పావు కోసు. పైగా పల్లెటూరి మనిషిని అడిగితే ఎంత దూరమైనా ఇదిగో ఇక్కడే అంటాడు. మనం అలిసిపోయి ఉన్నామని జాలిపడి చెప్పే అబద్ధం అది! టెక్సాస్‌లోనూ ఇంతేనండోయ్. పెకాన్ చెట్టు కింద పికప్ ఆపుకున్న పెద్దాయన రోడ్డు చివరే అన్నాడంటే కనీసం ముప్పయి మైళ్లు వేసుకోవాలి. అందుకే అడగడమూ ఒక విద్యే. ఒకరిని అడిగి ఊరుకోకూడదు. ఎదురొచ్చేవాడిని అడగాలి, ఎందుకంటే వాడు ఆ దారినే వస్తున్నాడు. ఊళ్లో కూచున్నవాడు దారిని పదేళ్ల కిందట చూసి ఉంటాడు.

అడగడంలో ఇంకో భయం కూడా ఉండేది. మధ్య భారతంలో అది థగ్గుల కాలం. వాళ్లు చెట్టు చాటు నుంచి మీద పడే దొంగలు కాదు. మంచిగా పలకరిస్తారు. మేమూ అటే వెళ్తున్నాం, దారి మాకు తెలుసు, కలిసి పోదాం అంటారు. రెండు మూడు మజిలీలు కలిసి తిని, కలిసి నడిచి, అనువైన చోట మెడకి రుమాలు బిగిస్తారు. జబల్‌పూర్ కేంద్రంగా స్లీమన్ దొర వాళ్ల మీద వేట మొదలుపెట్టిన రోజులూ, వీరాస్వామయ్య పరివారం జబల్‌పూర్ మీదుగా సాగిన రోజులూ ఇంచుమించు ఒకటే. దారి చెప్పేవాడే యముడయ్యే చోట ఎవరిని అడగాలి? వంద మంది గుంపు, వెంట జవాన్లు ఉండడం అక్కడ కొంత రక్ష. విడిగా పోయే నలుగురైదుగురు యాత్రికులకి ఆ రక్ష లేదు.

మనకి తెలిసిన రోడ్లే

వెళ్లిన దారి చెప్పుకుందాం. మద్రాసు నుంచి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం. అక్కడి నుంచి కృష్ణ దాటి హైదరాబాదు. తర్వాత నిర్మల్ మీదుగా నాగపూరు, జబల్‌పూరు, రీవా, మీర్జాపూరు, ప్రయాగ, కాశీ.

హైదరాబాదు తర్వాతి భాగం మళ్లీ ఒకసారి చూడండి. నిర్మల్, నాగపూర్, జబల్‌పూర్, రీవా. ఎక్కడో విన్నట్టు లేదూ? మన చిన్నప్పటి ఏడో నెంబరు జాతీయ రహదారి! కన్యాకుమారి నుంచి బెంగళూరు, కర్నూలు, హైదరాబాదు, నాగపూర్, జబల్‌పూర్, రీవా మీదుగా వారణాసి చేరేది. 2010లో నెంబర్లు మార్చాక దానిలో పెద్ద ముక్క 44లో కలిసింది. సెలవుల్లో ఇంటికి వెళ్లి, తమ్ముడి బుల్లెట్టు తీసుకుని హైదరాబాదు నుంచి ఉత్తరానికి పోయినవాళ్లు మీలో ఉండే ఉంటారు. నిర్మల్ దగ్గర ఘాటు ఎక్కుతున్నప్పుడు మీ చక్రాల కింద ఉన్నది ఆయన పల్లకీ వెళ్లిన సీమే.

ఇంజినీర్లు గీత గీశారు కాబట్టి రోడ్డు అక్కడ పడిందని మనం అనుకుంటాం. నిజానికి పాత రోడ్లు చాలావరకు నీళ్లూ, ఎత్తుపల్లాలూ గీసినవి. ఫ్రిస్కోలో మనం రోజూ తిరిగే ప్రెస్టన్ రోడ్డు సంగతే తీసుకోండి. అది షానీ ట్రైల్ అనే పాత పశువుల బాట. టెక్సాస్ పశువుల్ని మందలు మందలుగా మిస్సోరీ వైపు తోలుకుపోయిన దారి. బురద లేని మిట్ట పట్టుకుని సాగింది. తర్వాత 1902లో రైలొచ్చింది. ఆవిరి ఇంజనుకు నీళ్లు కావాలి. మిట్ట మీదున్న లెబనాన్ అనే ఊరు ఆ నీళ్లకి అనువు కాలేదు. నాలుగు మైళ్లు పడమరగా పల్లంలో స్టేషను పడింది. లెబనాన్ వాళ్లు కొందరు ఇళ్లకి ఇళ్లే దుంగల మీద దొర్లించుకుంటూ అక్కడికి తరలిపోయారు. ఆ కొత్త ఊరే మన ఫ్రిస్కో. ఇక ప్రెస్టన్ రోడ్డుకి పేరిచ్చిన ప్రెస్టన్ అనే ఊరు రెడ్ రివర్ ఒడ్డున ఉండేది, ఇప్పుడు టెక్సోమా నీళ్ల కింద ఉంది. మన కృష్ణ మీదా అదే జరిగింది. శ్రీశైలం జలాశయం నిండాక పాత రేవులూ ఊళ్లూ ఎన్నో నీళ్ల కిందికి పోయాయి. వీరాస్వామయ్య చూసిన కృష్ణ ఇప్పుడు మనకి అక్కడ కనపడదు.

ఆయన కాశీకి బయలుదేరిన ఏడు ఇక్కడ ఫ్రిస్కో లేదు, డల్లాస్ లేదు. అసలు టెక్సాసే మెక్సికోలో ఉండేది.

టోల్‌ట్యాగ్ కంటే ముందు

డల్లాస్ నార్త్ టోల్‌వే మీద నెల నెలా మన ఖాతాలోంచి పోయే డబ్బు చూసి నిట్టూర్చేవాళ్లకి శ్రీశైలం ముచ్చట నచ్చుతుంది. అప్పట్లో శ్రీశైలం కందనూరు నవాబు చేతిలో ఉండేది. కందనూరంటే కర్నూలే. నల్లమల అడవి దాటి, ప్రాణాలు అరచేత పట్టుకుని మల్లన్న దగ్గరికి వచ్చే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు పన్ను వసూలు చేసేవారు. వసూలు చేసింది గుడి బాగుకి వాడుతున్నారా అంటే అదీ లేదు. వీరాస్వామయ్యకి ఇది గట్టిగా తగిలింది, పుస్తకంలో రాశారు. ఆ నవాబుగిరీ 1839లో ఊడిపోయింది. అయితే ఆయన మెచ్చుకున్న కంపెనీ వారు మాత్రం తక్కువ తిన్నారా? ప్రయాగలో, గయలో, పూరీలో యాత్రికుల మీద పన్ను కంపెనీయే వసూలు చేసింది. 1840 దాకా అది పోలేదు.

దారి తెలిస్తే చాలదు, దారిలో ఎవరి రాజ్యం ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియాలి. కంపెనీ సీమ, నవాబు సీమ, నిజాం సీమ, నాగపూరు భోంస్లేల సీమ, మళ్లీ కంపెనీ, తర్వాత రీవా రాజు. చౌకీలు మారతాయి, అధికార్లు మారతారు, రూపాయి కూడా మారుతుంది. కంపెనీ తన సీమలన్నిటికీ ఒకే రూపాయి పెట్టింది 1835లో. 1830లో మద్రాసు డబ్బు నాగపూరు అంగట్లో వట్టం లేకుండా చెల్లదు. హెచ్1, ఐ-94, స్టేట్ ఐడీ అంటూ కాయితాల కట్ట జాగ్రత్తగా దాచుకునే మనవాళ్లకి రహదారి చీటీ విలువ వేరే చెప్పాలా?

భాష కూడా మారుతుంది. గోదావరి దాటి కొన్నాళ్లు నడిచేసరికి చెవిన పడే తెలుగు పలచబడి మరాఠీ అవుతుంది. ఆ పైన హిందుస్తానీ. ఊరు మంచిదవడానికి నోరు మంచిదైతే సరిపోయే చోటు దాటిపోయారన్నమాట. ఇక నోటికి ఆ ఊరి మాట కూడా రావాలి. అక్కడ ద్విభాషి తనే ఒక ద్విభాషిని వెతుక్కునే పరిస్థితి. ఆ తమాషా ఆయనకీ తోచే ఉంటుంది.

వానాకాలం ఇంకో పరీక్ష. మే నెలలో మద్రాసు వదిలితే దక్కను చేరేసరికి వానలు. నల్లరేగడి నేల గురించి ఆదిలాబాదు, నాందేడు వైపు వాళ్లకి తెలుసు. ఎండలో ఇనుము, వానలో జిగురు. అడుగు వేస్తే చెప్పు అక్కడే ఉండిపోతుంది. ఆ నేల మీద పల్లకీ మోయడమంటే మాటలు కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. దారి కనుక్కున్నది వీరాస్వామయ్యే, సందేహం లేదు. కానీ నడిచింది ఎక్కువగా బోయీలు. మే ఎండలో, ఆషాఢం బురదలో, వాగుల్లో మొలలోతు నీళ్లలో భుజం మార్చుకుంటూ మోసుకెళ్లారు. పుస్తకం మీద ఆయన పేరుంది. మోసిన భుజాల పేర్లు మనలో ఎవరికి తెలుసు? దుబాయిలో మెట్రో ఎక్కినప్పుడు, ఇక్కడ ఫ్రిస్కోలో కొత్త ఇళ్ల కప్పుల మీద జూలై ఎండలో మేకులు కొట్టేవాళ్లని చూసినప్పుడు ఎవరికైనా వచ్చే ఆలోచనే ఇది. ఆయన ఆ కాలపు మనిషి. ఏ ఊరు వెళ్లినా బ్రాహ్మల ఇళ్లెన్ని అని చూసుకున్న మనిషి. కంపెనీ ఉద్యోగి కావడాన ఆ పాలన మీద కొంచెం మొగ్గు కూడా ఉంది. ఇవన్నీ తెలిసే చదవాలి. అయినా ఎక్కడ పంట ఎలా ఉంది, ఎక్కడ జనం బెదిరి ఉన్నారు, ఎక్కడ చేతిలో కత్తి లేనిదే మగవాడు బజారుకు రాడు.. ఇలాంటివి కళ్లు తెరుచుకుని చూసి రాసినవాళ్లు ఆ రోజుల్లో తెలుగులో ఎవరున్నారు చెప్పండి.

నీటి దారి, ఇంటి దారి

ప్రయాగ నుంచి గంగ మీద పడవల్లో కాశీ. కాశీ తర్వాత గయ, పాట్నా. అక్కడి నుంచి మళ్లీ నీటి దారి, కలకత్తా దాకా. నదిలో దారి తప్పడమంటూ ఉండదు, నదే తీసుకుపోతుంది అనుకుంటాం గానీ గంగ ఏటేటా పాయలు మార్చే నది. నిరుడు లోతున్న చోట ఈ ఏడు ఇసుక దిబ్బ లేస్తుంది. పడవ నడిపేవాడి కన్ను తప్ప వేరే పటం లేదు.

తిరుగు ప్రయాణం తూర్పు తీరం వెంట. కటకం, పూరీ, గంజాం, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు, మద్రాసు. ఇది మన పాత అయిదో నెంబరు, ఇప్పటి 16వ నెంబరు హైవే. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ ఫ్రిస్కోలో ఉంటున్నవాళ్లకి ఇచ్ఛాపురం దాటుతుంటే ఎలా ఉంటుందో తెలుసు. ఏడాది పాటు పరాయి మాటల మధ్య తిరిగినవాడికి, గంజాం దాటాక దారి అడిగితే తెలుగులో జవాబు వచ్చిన రోజు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. పదిహేను నెలల పదిహేను రోజుల పదిహేను గంటల ప్రయాణమని లెక్క. గంటలతో సహా లెక్క పెట్టుకున్నారంటే ఆ మనిషి తీరు అర్థమవుతుంది కదా.

ఉత్తరాలే పుస్తకం

వీరాస్వామయ్యకి మద్రాసులో ఒక మంచి స్నేహితుడు ఉన్నారు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె. దారిలో చూసిందీ విన్నదీ రోజువారీగా రాసి ఎప్పటికప్పుడు ఆయనకి పంపించారు. అందుకే ఆ తెలుగు పండితుల తెలుగులా ఉండదు. ఒక ఉద్యోగస్తుడు స్నేహితుడికి రాసే తెలుగు. మాట్లాడే మాటలు, కోర్టు మాటలు, హిందుస్తానీ మాటలు, అరవ మాటలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. మనం ఇప్పుడు ఫోన్‌లో ఇంటికి రాసే తెలుగులో ఇంగ్లీషు దొర్లినట్టే.

ఆ రాతలో ఒక విశేషం ఉంది. చదివేవాడు తర్వాత అదే దారిన వస్తాడని ఆయన మనసులో ఉన్నట్టుంటుంది. తన దాకా సరిపోయేదైతే ఈ ఊళ్లో అంగళ్లున్నాయని రాయక్కర్లేదు. తను ఆ పూట తినేసి ముందుకి సాగిపోయారు కదా. ఫలానా మజిలీలో ఏమీ దొరకదు, ముందు ఊళ్లోనే తీసుకోవాలన్న మాట తన వెనక వచ్చేవాడి కోసం. కాశీ చేరని యాత్రికుల ఇళ్లల్లో ఎదురుచూపులే మిగిలిన రోజులవి. అలాంటి రోజుల్లో ఒక మనిషి వెళ్లి, తిరిగి వచ్చి, ఊరు ఊరుకీ లెక్క చెప్పి, ఇదిగో ఇలా వెళ్తే చేరవచ్చని కాయితం మీద పెట్టాడు.

తాలిమెనా వెళ్లొచ్చిన మనవాళ్లు కూడా ఇప్పుడు కొంచెం కొంచెంగా ఇదే చేస్తున్నారు. ఏ ఊరు దాటాక పెట్రోలు దొరకదు, ఏ వంపులో కంకర ఉంటుంది, ఏ మోటల్లో తడిసిన రెయిన్ జాకెట్టుతో వెళ్లినా విసుక్కోరు.. ఇలాంటివి తర్వాత వెళ్లేవాళ్లకి చెబుతుంటారు. అందమైన ఫొటోల కంటే ఆ కంకర మాటే ఎక్కువ పనికొస్తుందని ఒకసారి జారినవాళ్లకి తెలుసు. ఫోను దారి చూపిస్తుంది గానీ కంకర సంగతి చెప్పదు.

యాత్ర నుంచి వచ్చాక వీరాస్వామయ్య మళ్లీ కోర్టు ఉద్యోగంలో పడ్డారు. ఎక్కువ కాలం బతకలేదు. 1836లో చనిపోయారు. ఇక్కడ టెక్సాస్ మెక్సికో నుంచి విడిపోయిన ఏడు అది. తన రాతలు పుస్తకంగా ఆయన చూసుకోలేదు. శ్రీనివాస పిళ్లె స్నేహితుడి కాయితాలన్నీ పదిలంగా ఉంచి, వరస పెట్టి, ఆయన జీవిత విశేషాలు కూడా చేర్చి 1838లో అచ్చు వేయించారు. 1869లో మళ్లీ అచ్చయింది. ఆ తర్వాత చాలాకాలం దొరకలేదు. బెజవాడ వకీలు దిగవల్లి వెంకట శివరావు గారు పూనుకుని 1941లో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఇప్పుడు మనం చదవగలుగుతున్నామంటే ఆ వకీలుగారి పుణ్యం చాలా ఉంది.

ఈ డిసెంబరుకి ఇంటికి వెళ్లి, అక్కడో బండి తీసుకుని దూరం పోదామనుకునేవాళ్లు ఆ పుస్తకంలో హైదరాబాదు నుంచి నాగపూరు దాకా ఉన్న మజిలీలని మొదట చదవండి. కొన్ని పేర్లు మారాయి, కొన్ని ఊళ్లు హైవే పక్కకి తప్పుకున్నాయి, అయినా చాలావరకు పోల్చుకోవచ్చు. చెన్నైలో దిగేవాళ్లయితే ఆయన బయలుదేరిన చోటు వెతుక్కోవడం ఇంకా తేలిక. తండయార్‌పేటలో 2021 నుంచి మెట్రో రైలు ఆగుతోంది.